విదేశంలో ఉంటూ ఊళ్లో బ్యాంకు ఖాతా: ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ, ఎఫ్‌సీఎన్‌ఆర్‌లలో ఏది ఎవరికి?

అమెరికా వచ్చేటప్పుడు హైదరాబాద్‌లో జీతం పడే ఖాతాను అలాగే వదిలేసి వచ్చాను. మూసేయడానికి మనసొప్పలేదు, మార్చుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఆరేళ్లపాటు ఇంటి అద్దె అందులోనే పడింది, బీమా ప్రీమియం అందులోనుంచే పోయింది. ఏడో ఏట నాన్నకు గుండె ఆపరేషన్ అవసరమై డబ్బు తీయబోతే అసలు సంగతి బయటపడింది. ఓటీపీ వెళ్లాల్సిన సిమ్ ఎప్పుడో మూతపడింది, ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేశారు. బ్యాంకుకు ఫోన్ చేస్తే, స్వయంగా బ్రాంచికి రమ్మన్నారు. నేను డాలస్‌లో ఉన్నానన్నాను. "అయితే మీ ఖాతా ఇలా ఉండకూడదు కదా సార్" అన్నాడు అవతలి కుర్రాడు. మర్యాదగానే అన్నాడు, నిజమే అన్నాడు. ఆ నెల ఆసుపత్రి బిల్లు మా బావ కట్టాడు.

ఆ తర్వాత ఖాతాలన్నీ మార్చుకున్నాను. ఒకసారి తప్పుగా, రెండోసారి కొంత తెలిసి. ప్రవాసులకు ఊళ్లో ఉండే ఖాతాలు మూడు: ఊళ్లో పుట్టే డబ్బుకు ఎన్‌ఆర్‌ఓ, బయటి సంపాదనను రూపాయల్లో దాచడానికి ఎన్‌ఆర్‌ఈ, విదేశీ కరెన్సీలోనే దాచడానికి ఎఫ్‌సీఎన్‌ఆర్. కొత్తగా వెళ్లినవారు, వెళ్లి చాలాకాలమైనా పాత ఖాతాతోనే నెట్టుకొస్తున్నవారు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎక్కడ వడ్డీ ఎక్కువ?" నేను మాత్రం ముందు వేరే రెండు ప్రశ్నలు అడుగుతాను. ఈ డబ్బు ఏ దేశంలో పుట్టింది? చివరికి ఏ దేశంలో ఖర్చు కావాలి? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఖాతా దాదాపు దానంతటదే తేలుతుంది. వడ్డీ లెక్క ఆ తర్వాతిది.

పాత ఖాతాను అలాగే ఉంచితే ఏమవుతుంది

ఉద్యోగానికో, వ్యాపారానికో, ఎప్పుడు తిరిగొస్తారో తెలియని ప్రయాణానికో దేశం దాటినవారిని విదేశీ మారక ద్రవ్య చట్టం, అంటే ఫెమా, బయలుదేరిన నాటినుంచే ప్రవాసిగా చూస్తుంది. చదువుకు వెళ్లిన పిల్లలను కూడా రిజర్వు బ్యాంకు అలాగే పరిగణిస్తుంది. ఆదాయపు పన్ను చట్టం లెక్క వేరు. అది ఏడాదిలో మీరు దేశంలో ఎన్ని రోజులున్నారో లెక్కపెడుతుంది. ఈ రెండింటినీ కలగలిపి, "నేను ఇంకా 182 రోజులు పూర్తి చేయలేదు కాబట్టి ఖాతా మార్చనక్కర్లేదు" అనుకునేవారు చాలామంది. బ్యాంకు ఖాతా విషయంలో చెల్లేది ఫెమా మాట. స్థానిక పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలి. ఉల్లంఘనకు ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా వేయవచ్చని చట్టంలో ఉంది. నా ఎరుకలో ఎవరికీ వేయలేదు. అయితే దాన్ని ధైర్యంగా తీసుకోకండి. ఇల్లు అమ్మి డబ్బు బయటికి పంపించుకోవాలనుకున్న రోజున ఈ పాత తప్పే చార్టర్డ్ అకౌంటెంటు ముందు పడుతుంది.

పీపీఎఫ్ ఖాతా ఇదివరకే ఉంటే గడువు తీరేదాకా కొనసాగించవచ్చు, పొడిగించుకోవడానికి వీల్లేదు. కొత్తది తెరవడానికీ వీల్లేదు. పాప పేరున సుకన్య సమృద్ధి కట్టి ఆ పాపనూ తీసుకొచ్చేసినవారు దాన్ని మూసేయాల్సిందే.

ఎన్‌ఆర్‌ఓ: ఊళ్లో పుట్టిన డబ్బుకు

ఇంటి అద్దె, పొలం కౌలు, డివిడెండు, పింఛను, అమ్మిన ప్లాటు తాలూకు సొమ్ము, నాన్న ఇచ్చిన రూపాయలు చేరాల్సింది ఇక్కడ. ప్రవాసులు వ్యవసాయ భూమి కొత్తగా కొనకూడదు కానీ, వారసత్వంగా వచ్చినదాన్ని ఉంచుకోవచ్చు. కాబట్టి కౌలు డబ్బు ఉన్న ప్రతి ఒక్కరికీ ఎన్‌ఆర్‌ఓ తప్పదు. ఇది మీకిష్టమై ఎంచుకునే ఖాతా కాదు, ఉండి తీరాల్సిన ఖాతా.

దీనితో వచ్చే చిక్కు పన్ను. వడ్డీ మీద సెస్సుతో కలిపి 31.2 శాతం బ్యాంకే కోసుకుంటుంది. స్థానికులకు ఉన్నట్టు ఇంతవరకు కోత లేదు అనే వెసులుబాటు ఇక్కడ ఉండదు, మొదటి రూపాయి నుంచే కోత. పది లక్షల డిపాజిట్‌పై ఆరున్నర శాతం వడ్డీ అనుకుందాం. ఏడాదికి 65,000. అందులో 20,280 పన్నుకు పోగా చేతికొచ్చేది 44,720. అంటే మీ డిపాజిట్ నిజంగా ఇచ్చింది నాలుగున్నర శాతంలోపే.

దీన్ని తగ్గించుకునే దారులు రెండున్నాయి. మొదటిది, రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం. అమెరికాలో ఉన్నవారికి వడ్డీపై పన్ను 15 శాతానికి, యూఏఈలో ఉన్నవారికి 12.5 శాతానికి పరిమితం. పై లెక్కలో 20,280 బదులు అమెరికా తెలుగువారికి 9,750 మాత్రమే పోతుంది. కానీ మీరు అక్కడ పన్ను కట్టే నివాసి అని ఆ ప్రభుత్వం ఇచ్చిన ధ్రువపత్రం చూపాలి. అమెరికాలో దీనికోసం 8802 అనే దరఖాస్తు పెట్టి 85 డాలర్లు కట్టాలి. వాళ్లు పంపే పత్రం పేరు 6166. భారత ఆదాయపు పన్ను పోర్టల్‌లో, ఏళ్ల తరబడి 10ఎఫ్ అని పిలుచుకున్న ఫారం కూడా నింపాలి. ఇదంతా ప్రతి ఏటా చేయాలి. వడ్డీ ఏడాదికి పాతిక వేలు దాటనివారు 85 డాలర్లు పోసి, నెలల తరబడి ఆ కాగితం కోసం ఎదురుచూడటం నాకైతే దండగ అనిపిస్తుంది.

రెండో దారి రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవడం. కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల వరకు పన్ను లేదన్న పరిమితి ప్రవాసులకూ వర్తిస్తుంది. భారత్‌లో మీ మొత్తం ఆదాయం అంతలోపే అయితే కోసిన వడ్డీ పన్ను తిరిగొస్తుంది. "పన్నెండు లక్షల వరకు పన్ను లేదు" అని టీవీలో విన్నది మాత్రం ప్రవాసులకు కాదు. అది రిబేటు, స్థానికులకే. ఆ భ్రమలో ఉండి రిటర్ను వేయకుండా కూర్చున్నవారిని చూశాను.

ఎన్‌ఆర్‌ఓ నుంచి డబ్బు బయటికి పంపవచ్చు. ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి ఉంది కానీ, మనలో ఎక్కువమందికి అది అడ్డంకి కాదు. అడ్డంకల్లా కాగితాలే. పన్ను కట్టేశామన్న ప్రకటన, దానిపై అవసరమైతే చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రం. ఏళ్ల తరబడి 15సీఏ, 15సీబీ అని పిలుచుకున్న ఫారాలు ఇవే. మీ ఎన్‌ఆర్‌ఓ నుంచి మీ ఎన్‌ఆర్‌ఈకే మార్చుకోవాలన్నా ఇదే తతంగం. అందుకే తిరిగి తీసుకెళ్లాలనుకునే డాలర్లను పొరపాటున కూడా ఎన్‌ఆర్‌ఓలోకి పంపకండి. నేను మొదటిసారి చేసిన తప్పు సరిగ్గా అదే. ఉన్నది ఒక్క ఖాతానే కదా అని అందులోకే పంపాను. వెళ్లడానికి రెండు రోజులు పట్టింది, వెనక్కి తెచ్చుకోవడానికి రెండు నెలలు.

ఎన్‌ఆర్‌ఈ: బయట సంపాదించి రూపాయల్లో దాచుకునేవారికి

విదేశీ సంపాదన మాత్రమే ఇందులోకి రావాలి. అసలూ వడ్డీ రెండూ ఎప్పుడంటే అప్పుడు, ఎవరి అనుమతీ లేకుండా వెనక్కి తీసుకెళ్లవచ్చు. ప్రవాసిగా ఉన్నంతకాలం వడ్డీపై భారత్‌లో పన్ను లేదు. పొదుపు ఖాతా వడ్డీ పెద్ద బ్యాంకుల్లో మూడు శాతంలోపే కాబట్టి ఎక్కువ డబ్బు అందులో ఊరికే ఉంచకండి. ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు కనీస గడువు ఏడాది. పదకొండో నెలలో విరగ్గొడితే పైసా వడ్డీ రాదు. ఇది చాలామందికి తెలియదు, ఎందుకంటే స్థానిక డిపాజిట్‌ను ముందే తీసుకుంటే కొంత కోతతో వడ్డీ వస్తుంది కదా అని అదే అలవాటుతో ఉంటారు.

ఇంకో మాట. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌కు బ్యాంకులు తమ స్థానిక డిపాజిట్ల కంటే ఎక్కువ వడ్డీ ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు సాధారణ నియమం. వయసు మీరినవారికి ఇచ్చే అదనపు అర శాతం కూడా ప్రవాసులకు లేదు. కాబట్టి "ఎన్నారైలకు మాత్రమే ప్రత్యేక వడ్డీ" అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే, అది డిపాజిట్ పేరుతో అమ్ముతున్న బీమా పాలసీ అయి ఉండవచ్చు. కాగితం మొత్తం చదివేదాకా సంతకం పెట్టకండి.

పన్ను లేదన్న మాట ఒక దేశానికే వర్తిస్తుందన్నది ఎన్‌ఆర్‌ఈ ప్రకటనల్లో చిన్న అక్షరాల్లోనైనా కనిపించదు. గల్ఫ్‌లో ఉన్నవారికి అది అక్షరాలా నిజం, అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు. అమెరికాలో ఉన్నవారికి కాదు. అమెరికా తన నివాసుల ప్రపంచవ్యాప్త ఆదాయంపై పన్ను వేస్తుంది. ఎన్‌ఆర్‌ఈ వడ్డీని ఏటా అక్కడి రిటర్నులో చూపాలి. రూపాయి పడిపోయి మీ అసలు డాలర్లలో తగ్గినా ఆ ఏడాది వడ్డీ మీద పన్ను కట్టాల్సిందే. ఇక్కడ పన్ను కట్టలేదు కాబట్టి అక్కడ తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. బ్రిటన్‌లోనూ అంతే. అయితే అంతకుముందు పదేళ్లు అక్కడ నివాసి కానివారికి 2025 ఏప్రిల్ 6 నుంచి ఒక వెసులుబాటు వచ్చింది. మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయంపై పన్ను లేకుండా కోరుకోవచ్చు. ఆ ఏడాదికి అక్కడి వ్యక్తిగత పన్ను మినహాయింపును వదులుకోవాలి. కాబట్టి వడ్డీ పెద్ద మొత్తమైతేనే అది గిట్టుబాటు.

ఎఫ్‌సీఎన్‌ఆర్: డాలరు డాలరుగానే ఉండాలంటే

ఇది పొదుపు ఖాతా కాదు, డిపాజిట్ మాత్రమే. ఏడాది నుంచి ఐదేళ్లు. డాలర్లు వేస్తే డాలర్లే తిరిగొస్తాయి, రూపాయి ఎటు పోయినా మీకు సంబంధం లేదు. వడ్డీపై భారత్‌లో పన్ను లేదు. ఏడాదిలోపు తీస్తే ఇక్కడా వడ్డీ లేదు.

ఎన్‌ఆర్‌ఈనా, ఎఫ్‌సీఎన్‌ఆర్‌నా అన్నదే అసలు పోలిక. ఇక్కడ కొంచెం ఆగి లెక్క వేద్దాం. మీ దగ్గర 10,000 డాలర్లున్నాయి. సులువు కోసం డాలరు 90 రూపాయలు అనుకుందాం. ఎన్‌ఆర్‌ఈలో ఆరున్నర శాతం, ఎఫ్‌సీఎన్‌ఆర్‌లో నాలుగున్నర శాతం అనుకుందాం. ఈ అంకెలు మారుతూ ఉంటాయి, మీ బ్యాంకు అంకెలు వేసుకోండి, పద్ధతి మారదు. ఏడాదికోసారి వడ్డీ కలుపుతూ పోతే, మూడేళ్లకు ఎన్‌ఆర్‌ఈలో తొమ్మిది లక్షలు 10,87,155 రూపాయలవుతాయి. ఎఫ్‌సీఎన్‌ఆర్‌లో 10,000 డాలర్లు 11,412 అవుతాయి. మొదటి అంకెను రెండోదానితో భాగించండి: సుమారు 95 రూపాయల 27 పైసలు. మూడేళ్ల తర్వాత డాలరు ఈ రేఖ దాటితే ఎఫ్‌సీఎన్‌ఆర్ మేలు, దాటకపోతే ఎన్‌ఆర్‌ఈ మేలు. మీరు లాభాన్ని రూపాయల్లో లెక్కపెట్టినా డాలర్లలో లెక్కపెట్టినా రేఖ అదే.

చరిత్ర ఏమంటోంది? 2014లో డాలరు 60 రూపాయల దగ్గర ఉండేది, 2024లో 83 దగ్గర. ఏడాదికి సగటున మూడు శాతం పైచిలుకు. అదే వేగంతో పోతే మన ఉదాహరణలో మూడేళ్లకు డాలరు 99 దాకా వెళ్తుంది, ఎఫ్‌సీఎన్‌ఆర్ గెలుస్తుంది. కానీ రూపాయి మెట్టుమెట్టుగా దిగదు. 2017 మొదట్లో 68 దగ్గరున్నది ఏడాది చివరికి 64కు బలపడింది. ఆ ఏడాది ఎన్‌ఆర్‌ఈలో వేసినవారికి వడ్డీ, మారకం రెండూ కలిసొచ్చాయి. 2013లో రూపాయి జారిపోతున్నప్పుడు రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ప్రత్యేక రాయితీ ఇచ్చి ఈ ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ల ద్వారానే సుమారు 2,600 కోట్ల డాలర్లు రప్పించింది. ప్రభుత్వమే మన డాలర్ల కోసం వెదుకుతున్న సమయాల్లో మంచి వడ్డీ దొరుకుతుందన్నమాట.

అయితే నేను మారకం రేటు జోస్యాన్ని బట్టి ఎంచుకోను. ఈ డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో చూస్తాను. రెండేళ్లలో కొంపల్లిలో కట్టే ఇంటికి వాయిదాలు రూపాయల్లో కట్టాలంటే, ఆ డబ్బు ఎన్‌ఆర్‌ఈలో ఉండాలి. ఎంత వస్తుందో పైసాతో సహా ముందే తెలుస్తుంది. పిల్లవాడి కాలేజీ ఫీజు డాలర్లలో కట్టాలంటే ఆ డబ్బు రూపాయి ముఖమే చూడకూడదు. రెండుసార్లు మార్పిడికి రెండుసార్లు బ్యాంకుకు కమీషన్ దేనికి? మార్పిడిలో డాలరుకు యాభై పైసలు తక్కువిచ్చినా పది వేల డాలర్లకు ఐదు వేల రూపాయలు పోయినట్టే.

అమెరికాలోనే ఖర్చయ్యే డబ్బును భారత్‌లో డాలర్లలో దాచడానికి కారణం ఒక్కటే ఉండాలి: అక్కడి బ్యాంకుల కంటే ఎఫ్‌సీఎన్‌ఆర్ వడ్డీ గణనీయంగా ఎక్కువగా ఉండాలి. పన్ను ఎలాగూ అమెరికాలో కట్టాలి. భద్రతలోనూ తేడా ఉంది. అమెరికాలో బీమా ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల వరకు. భారత్‌లో 2020 నుంచి ఐదు లక్షల రూపాయలు, అదీ ఒక బ్యాంకులో మీ డిపాజిట్లన్నీ కలిపి. అర శాతం వడ్డీ ఎక్కువని ఇంటి అత్యవసర నిధిని సముద్రాలు దాటించడం తెలివైన పని కాదు. ఉద్యోగం పోతే అక్కరకొచ్చే ఆరు నెలల ఖర్చు మీరున్న దేశంలోనే, మీరున్న దేశపు డబ్బులోనే ఉండాలి.

గల్ఫ్ వారికి ఒక సులువుంది. దిర్హాం, సౌదీ రియాల్ రెండూ డాలరుకు కట్టేసి ఉన్నాయి. డాలరుకు 3.6725 దిర్హాంలు, 3.75 రియాళ్లు. కాబట్టి డాలరు ఎఫ్‌సీఎన్‌ఆర్ వేస్తే దిర్హాంలో వేసినట్టే. కువైట్ దినార్ ఒక్క డాలరుకే కట్టేసి లేదు, అక్కడి కడప, గోదావరి జిల్లాలవారు కొద్దిపాటి తేడాకు సిద్ధపడాలి.

జగిత్యాలలో భార్య, దుబాయిలో భర్త

ఈ పరిస్థితికి ఎన్నారై సలహాల్లో ఎప్పుడూ చోటు దొరకదు. సలహాలన్నీ న్యూజెర్సీ కోసమే రాస్తారు. దుబాయిలో నెలనెలా సంపాదించి ఇంటికి పంపేవారికి నేను చెప్పేది ఇది: ఇంటి ఖర్చు డబ్బు నేరుగా భార్య పేరున ఉన్న మామూలు పొదుపు ఖాతాకు పంపండి. దానికి ఎన్‌ఆర్‌ఈ అవసరం లేదు. భర్త పంపిన డబ్బుపై ఆమెకు పన్నూ లేదు. మిగుల్చుకునే డబ్బు మాత్రం మీ పేరున ఎన్‌ఆర్‌ఈలో వేయండి. ఆ పొదుపును కూడా ఆమె పేరునే డిపాజిట్ చేస్తే, దానిపై వచ్చే వడ్డీని చట్టం మీ ఆదాయంలో కలిపి చూస్తుంది. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఉన్న మినహాయింపు కూడా పోతుంది.

ఎన్‌ఆర్‌ఈలో ఊళ్లో ఉన్న భార్యనో తండ్రినో రెండో పేరుగా చేర్చవచ్చు. కానీ అది "మొదటివారు, వారి తర్వాత మిగిలినవారు" అన్న పద్ధతిలోనే. మీరు ఉన్నంతకాలం ఆమె చెక్కు మీద సంతకం చేయడానికి ఉండదు, ప్రత్యేకంగా అధికారపత్రం ఇస్తే తప్ప. ఆ పత్రం ఇచ్చినా ఆమె చేయగలిగింది స్థానిక చెల్లింపులు, మీకే డబ్బు పంపడం మాత్రమే. ఖాతాలోంచి మీ తరఫున మరొకరికి కానుక ఇవ్వలేదు. ఇది అవమానం కాదు, నియమం. ఇంట్లో ముందే చెప్పి పెట్టండి, లేకపోతే బ్రాంచిలో కౌంటరు దగ్గర తెలిసి నొచ్చుకుంటారు.

నాన్న చేర్చిన రెండో పేరు

అమెరికా వారికి దీనికి తలకిందులైన చిక్కు ఒకటుంది. ఊళ్లో నాన్న తన ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో "ఎందుకైనా మంచిది" అని కూతురి పేరు రెండోదిగా రాయిస్తాడు. డబ్బు ఆయనదే, వడ్డీ ఆయనదే. కానీ అమెరికాలో ఏడాదిలో ఏ ఒక్క రోజైనా మీ పేరున్న విదేశీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. నాన్న ఉమ్మడి ఖాతా మొత్తం అందులోకి వస్తుంది. ఇది పన్ను కాదు, సమాచారం మాత్రమే. గడువు ఏప్రిల్ 15, అది తప్పితే అక్టోబరు 15 వరకు దానంతటదే పొడిగింపు. కానీ ఇవ్వకపోతే, తెలియక చేసిన తప్పు అయినా పది వేల డాలర్లకు పైబడి జరిమానా వేసే అధికారం అమెరికా ప్రభుత్వానికుంది. మొత్తాలు ఇంకా పెద్దవైతే రిటర్నుతోపాటు 8938 అనే ఫారం కూడా పెట్టాలి. పెళ్లికాని వారికి ఏడాది చివర 50,000 డాలర్లు దాటితే, దంపతులు కలిపి రిటర్ను వేస్తే లక్ష దాటితే.

నాన్న ఉద్దేశం తన తర్వాత డబ్బు మీకు సులువుగా చేరాలనే కదా. అందుకు నామినీగా రాయించడం చాలు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఇది చెప్పాక మా నాన్న ముగ్గురి పేర్లు రాయించి, నాలుగో చోటు ఖాళీగా వదిలారు. ఎవరికోసమో చెప్పలేదు.

ఏ బ్యాంకు?

ఖాతా రకం తేలాక బ్యాంకు సంగతి. ఊళ్లో బ్రాంచి ఉన్న ప్రభుత్వ బ్యాంకా, యాప్ చక్కగా పనిచేసే ప్రైవేటు బ్యాంకా అన్నదే ఇంటింటి వాదన. మా తరం వారిలో చాలామందికి ఆంధ్రా బ్యాంకు ఖాతానో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఖాతానో మొదటిది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయాయి. ఆంధ్రా బ్యాంకు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టినదన్న అభిమానం ఉండవచ్చు, ఉండాలి కూడా. కానీ ఆ ఖాతాను ఎప్పుడో తెరిచి వదిలేసినవారు మొట్టమొదట చూసుకోవాల్సింది ఐఎఫ్‌ఎస్‌సీ సంకేతం మారిందా, పాత చెక్కు పుస్తకం చెల్లుతుందా అన్నది.

ప్రభుత్వ బ్యాంకు నచ్చేది అమ్మానాన్నల కోసం. బ్రాంచిలో వాళ్లను గుర్తుపట్టేవారు ఉంటారు, లాకరు అక్కడే ఉంటుంది, వాళ్ల పింఛను అక్కడే పడుతుంది. కాగితం మీద జరిగే పనులు అక్కడ తేలిక. మీరు అమెరికాలో అర్ధరాత్రి పన్నెండింటికి ఒక చెల్లింపు చేయాలంటే మాత్రం ప్రైవేటు బ్యాంకులు చాలావరకు మెరుగు. నా ఏర్పాటు ఇది: ఎన్‌ఆర్‌ఓ ఊళ్లోని ప్రభుత్వ బ్యాంకులో, ఎన్‌ఆర్‌ఈ ప్రైవేటు బ్యాంకులో. రెండు బ్యాంకులు కావడంతో ఐదు లక్షల బీమా కూడా విడివిడిగా వర్తిస్తుంది.

బ్యాంకు ఎంచుకునే ముందు ఈ నాలుగు అడిగి తెలుసుకోండి. విదేశీ మొబైలు నంబరుకు ఓటీపీ పంపుతారా? చిరునామా మార్పు, సంతకం మార్పు బ్రాంచికి రాకుండా చేయగలరా? 15 శాతం ఒప్పంద పన్ను పత్రాలను ఆన్‌లైన్‌లో తీసుకుంటారా? విదేశీ నంబరుతో యూపీఐ పనిచేస్తుందా? యూపీఐకి 2023 జనవరిలో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ నంబర్లను అనుమతించారు. కానీ ప్రతి బ్యాంకూ దాన్ని అమలు చేయలేదు. కువైట్ ఆ తొలి జాబితాలో లేదని గమనించండి.

కనీస నిల్వ సంగతి కూడా చూడండి. ఎన్నారై ఖాతాలకు కొన్ని ప్రైవేటు బ్యాంకులు పెద్ద మొత్తం అడుగుతాయి.

ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు

బ్రిటన్‌లో 2013 నుంచి ఒక సదుపాయముంది. కొత్త బ్యాంకుకు చెబితే చాలు, ఏడు పనిదినాల్లో పాత ఖాతాలోని నిల్వ, నెలవారీ చెల్లింపులు, జమలు అన్నీ వాళ్లే మార్చేస్తారు. భారత్‌లో ఎన్నారై ఖాతాలకు అలాంటిది లేదు, అంతా మనమే మోయాలి. కాబట్టి ముందు కొత్తది తెరవండి, పాతది మూడు నాలుగు నెలలు నడవనివ్వండి, ఆఖరున మూయండి. ఈ వరుస తప్పితే ఎల్‌ఐసీ ప్రీమియం తిరిగొచ్చి పాలసీ ఆగిపోయే ప్రమాదముంది.

కొత్త ఖాతాకు పాస్‌పోర్టు, వీసా లేదా నివాస అనుమతి, విదేశీ చిరునామా రుజువు, పాన్ అడుగుతారు. ప్రతులపై నోటరీ, భారత రాయబార కార్యాలయం, లేదా ఆ బ్యాంకు విదేశీ శాఖ అధికారి సంతకం కావాలంటారు. ఎవరి సంతకాన్ని ఒప్పుకుంటారో ముందే అడగండి. నా కాగితాలు ఒకసారి నోటరీ ముద్ర సరిపోదని వెనక్కి వచ్చాయి. పాన్ విషయంలో ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ హోదా ప్రవాసి అని ఉందో లేదో చూసుకోండి. ప్రవాసులకు ఆధార్‌తో జోడించడం నుంచి మినహాయింపు ఉంది కానీ, హోదా మార్చనివారి పాన్‌లు 2023 జులైలో పనిచేయకుండా పోయాయి. పాన్ పనిచేయకపోతే ఒప్పందం ప్రకారం రావాల్సిన తక్కువ పన్ను రేటు దక్కకపోవచ్చు.

ఫిక్స్‌డ్ డిపాజిట్లను మాత్రం బ్యాంకు మారుతున్నామని విరగ్గొట్టకండి. గడువు తీరేదాకా పాత చోటే ఉండనివ్వండి. స్వయంచాలక పునరుద్ధరణ ఆపేసి, గడువు తీరిన సొమ్ము ఎటు వెళ్లాలో రాసిపెట్టండి. ఎన్‌ఆర్‌ఈ సొమ్ము కొత్త ఎన్‌ఆర్‌ఈకి ఏ కాగితమూ లేకుండా వెళ్తుంది. పొరపాటున దాన్ని ఎన్‌ఆర్‌ఓకు మార్చారా, పైన చెప్పిన రెండు నెలల యాత్ర మొదలు. పన్ను వాపసు వచ్చే ఖాతా, డీమాట్‌కు జోడించిన ఖాతా, కిరాయిదారు దగ్గరున్న ఖాతా నంబరు, ఇంటి రుణం వాయిదా, అపార్టుమెంటు నిర్వహణ రుసుము ఇవన్నీ గుర్తుపెట్టుకుని మార్చాలి. గత పన్నెండు నెలల ఖాతా వివరాలు ముందు పెట్టుకుని ఒక్కో వరుస చూస్తే ఏదీ జారిపోదు.

వాడని పాత ఖాతాను మూయకుండా ఊరికే వదిలేస్తే, మీరు చేసిన లావాదేవీ ఏదీ లేని రెండేళ్లకు అది నిద్రాణ ఖాతా అవుతుంది. పదేళ్లు దాటితే డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. పోయినా మీదే, తిరిగి తెచ్చుకోవచ్చు. ఉద్గం అనే పోర్టల్‌లో పేరుతో వెదుక్కోవచ్చు. తాతగారి పేరున కూడా ఒకసారి వెదికి చూడండి.

డబ్బు పంపేటప్పుడు అమెరికాలో 2026 జనవరి 1 నుంచి వచ్చిన ఒక శాతం పన్ను గురించి భయపడేవారికి: అది నగదు, మనీ ఆర్డరు లాంటివాటితో పంపేవారికే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు.

తిరిగి వచ్చేస్తే

స్థిరపడటానికి వచ్చిన వెంటనే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓలను స్థానిక ఖాతాలుగా మార్పించాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఉన్న మినహాయింపు అక్కడితో ఆగిపోతుంది. "డిపాజిట్ గడువు ఇంకా రెండేళ్లుంది కదా" అన్న వాదన చెల్లదు. ఎఫ్‌సీఎన్‌ఆర్‌ను మాత్రం గడువు తీరేదాకా అలాగే ఉంచుకోవచ్చు. ఆ తర్వాత ఆ డాలర్లను ఆర్‌ఎఫ్‌సీ అనే విదేశీ మారక ఖాతాలోకి మార్చుకోవచ్చు, మళ్లీ విదేశం వెళ్లాల్సి వస్తే అవి డాలర్లుగానే ఉంటాయి. చాలాకాలం బయట ఉండి వచ్చినవారికి పన్ను చట్టం మొదటి రెండు మూడేళ్లు ఒక మధ్యస్థ హోదా ఇస్తుంది. ఆ హోదా ఉన్నంతకాలం ఎఫ్‌సీఎన్‌ఆర్, ఆర్‌ఎఫ్‌సీ వడ్డీపై పన్ను ఉండదు. అందుకే రెండేళ్లలో తిరిగొచ్చే ఆలోచన ఉన్నవారికి, మూడు నాలుగేళ్ల గడువుతో ఎఫ్‌సీఎన్‌ఆర్ వేసి బయలుదేరమని చెబుతాను. ఇండియా వచ్చాక కొత్తగా ఎఫ్‌సీఎన్‌ఆర్ వేయడానికి కుదరదు, విమానం ఎక్కేలోపే వేయాలి.